కొత్త గడ్డా, పాత గడ్డా?

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్ళు నెలకోసారి పెట్టుకునే ఆదివారం సభలో ఒక రేడియోఫార్మసిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వాట్సాప్‌లో పంపిన పోస్టర్‌లో నా పేరు ముందు డాక్టర్ అని వేశారు. నేను చీటీ రాసే డాక్టర్ని కాదండీ, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. మోకాళ్ళ నొప్పుల సంగతి అడుగుదామని వచ్చినవాళ్ళుంటే ఇప్పుడే లేచి కాఫీ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. (నవ్వులు)

పెట్ స్కాన్ తీసే ముందు చేతికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు చూడండి, ఆ ఇంజెక్షన్ తయారుచేయడం మా పని. తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది. సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారైన రేడియోధార్మిక ఫ్లోరిన్-18ని సీసం గోడల వెనకున్న హాట్ సెల్‌లో గ్లూకోజ్ లాంటి అణువుకి అతికిస్తాం. అదే ఎఫ్‌డీజీ. అది పేరుకున్న చోటు స్కాన్‌లో వెలిగినట్టు కనపడుతుంది. ఈ ఫ్లోరిన్‌తో ఒక చిక్కుంది. 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. 6 గంటలకు వంద పాళ్ళుంటే 7.50కి యాభై, 9.40కి పాతిక. మా వ్యాను సిల్క్ బోర్డు జంక్షన్‌లో రెండు గంటలు ఇరుక్కుందనుకోండి, మందులో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోయినట్టు. మామూలుగా ట్రాఫిక్‌లో పెట్రోలు పోతుంది, మాకు మందే పోతుంది.

ఎఫ్‌డీజీ ఎక్కువగా కేన్సర్‌ని స్కాన్‌లో చూడడానికి. ఇవాళ నేను మాట్లాడబోయేది రక్తపు గడ్డల గురించి. గడ్డ అనగానే మనవాళ్ళు కేన్సర్ గడ్డ అనుకుంటారు, అది కాదు. రక్తనాళంలో రక్తం పేరుకుని గడ్డకట్టడం, క్లాట్. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే మా ఇంట్లో జరిగింది కనక. మా అత్తయ్యగారు ఇక్కడే మూడో వరసలో కూర్చున్నారు. ఆవిడ పర్మిషన్ తీసుకునే చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట ఆవిడకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మూడో వారంలో ఎడమ పిక్క వాచింది. నొక్కితే నొప్పి, చెయ్యి వేస్తే వేడి. డాప్లర్ తీశారు. డాప్లర్ అంటే రక్తనాళాలు చూసే అల్ట్రాసౌండ్, మీలో చాలామంది చూసే ఉంటారు. చల్లటి జెల్ రాసి, ప్రోబ్‌తో సిర మీద నొక్కుతారు. మంచి సిరయితే ఖాళీ పైపులా చప్పగా అణిగిపోతుంది. లోపల గడ్డ ఉంటే అణగదు. ఆవిడకి అణగలేదు. ఆరు నెలలు రక్తం పలుచన చేసే మాత్రలు వాడారు, వాపు తగ్గింది, ఆపేశారు. పోయిన సంక్రాంతికి నెల్లూరు వెళ్ళి రాత్రి బస్సులో వచ్చారు. మర్నాటికి అదే కాలు మళ్ళీ వాచింది. మళ్ళీ డాప్లర్. గడ్డ ఉంది, అదే చోట.

ఇది కొత్తగా పుట్టిన గడ్డా, రెండేళ్ళ కిందటి దాని మిగులా? ఈ అనుమానం ఊరికే రాలేదు. కాలి సిరలో గడ్డ కట్టిన వాళ్ళలో దాదాపు సగం మందికి ఏడాది తర్వాత కూడా ఎంతోకొంత మిగిలే ఉంటుంది. కొత్తదైతే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాలి, బహుశా జీవితాంతం. పాతదైతే అక్కర్లేదు. పైగా ఆవిడకి కడుపులో పుండు ఉంది. అనవసరంగా మాత్రలు వాడితే అక్కడ రక్తం కారుతుందని భయం. ఇటు చూస్తే గొయ్యి, అటు చూస్తే నుయ్యి. రిపోర్టు చివర రేడియాలజిస్టు ఏం రాశారంటే, "రోగి పరిస్థితిని బట్టి సరిచూసుకోవలెను." మేం అడిగిందీ అదేగా! (నవ్వులు)

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కేన్సర్ కణం ఎక్కడ నక్కినా కనిపెట్టే మందు చేస్తున్నాం, ఇంట్లో మనిషి కాల్లో ఉన్న గడ్డ వయసు చెప్పలేకపోతున్నాం. అలా చదవడం మొదలుపెట్టాను.

గడ్డ ఎలా కడుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. పాలు తోడుకోవడం మనందరికీ తెలుసు. రక్తంలో ఫైబ్రినోజెన్ అని ఒక ప్రోటీన్ ఎప్పుడూ కరిగి తిరుగుతూ ఉంటుంది, లీటరు రక్తద్రవంలో 2 నుంచి 4 గ్రాములు. గాయమైనప్పుడు థ్రాంబిన్ అనే ఎంజైము వచ్చి దాని కొసలు చిన్నగా కత్తిరిస్తుంది. అంతే, కొసలు తెగిన ఆ ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. ఆ పోగుల పేరు ఫైబ్రిన్. పోగులన్నీ వలలా అల్లుకుంటే అందులో ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. కొత్త గడ్డ పెరుగులా మెత్తగా ఉంటుంది, ఫైబ్రిన్ నిండా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు దాన్ని కొంత కరిగించుకుంటుంది. మిగిలిన దానిలోకి వేరే కణాలు వచ్చి మచ్చ కట్టే పీచు అల్లుతాయి. అప్పుడది గట్టి జున్నుముక్క. పెరుగుని చిలకొచ్చు, జున్నుని చిలకలేం. గడ్డ కరిగించే ఇంజెక్షన్లు కొత్త గడ్డ మీదే బాగా పనిచేయడానికి కారణం ఇదే.

అంటే వయసు చెప్పే గుర్తు గడ్డలోనే ఉంది. ఫైబ్రిన్ ఎంతుందో కొలవగలిగితే చాలు. డాప్లర్‌కి, సీటీకి ఆకారం కనిపిస్తుంది, పదార్థం కనిపించదు.

మరి డి-డైమర్ అని రక్తపరీక్ష ఉంది కదా అంటారు. కోవిడ్‌లో అందరికీ అలవాటైన పేరు. అది ఫైబ్రిన్ విరిగినప్పుడు రక్తంలోకి వచ్చే తునక. ఎక్కడో విరుగుతోందని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. గర్భిణికి పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది, ఆపరేషన్ అయితే పెరుగుతుంది. తక్కువొస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, ఎక్కువొస్తే మాత్రం పెద్దగా తేలేదేం లేదు.

ఫైబ్రిన్‌ని కొలవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1960ల్లో లండన్ కింగ్స్ కాలేజీ హాస్పిటల్‌లో విజయ్ వీర్ కక్కర్ అని భారత మూలాలున్న సర్జన్ ఉండేవారు. ఫైబ్రినోజెన్‌కి రేడియో అయొడిన్ తగిలించి రోగికి ఎక్కించేవారు. తర్వాత కాలి పొడవునా పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు మీద కౌంటర్ ఆనించి లెక్క రాసుకునేవారు. రోజూ అదే గుర్తుల మీద. ఎక్కడ లెక్క పెరిగితే అక్కడ గడ్డ కడుతున్నట్టు. ఇవాళ్టి మా యంత్రాల పక్కన పెడితే బాల్‌పెన్నుతో చేసిన పరిశోధన అది. 1969లో 132 మంది ఆపరేషన్ రోగుల మీద ఫలితాలు అచ్చువేశారు. 40 మందికి గడ్డ కట్టింది. పైకి ఏమీ కనపడని వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ దారిలోనే 1975లో 4 వేలకు పైగా రోగుల మీద పరీక్ష చేసి, ఆపరేషన్‌కి ముందూ వెనకా రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ కొద్ది మోతాదులో ఇస్తే ప్రాణాలు తీసే గడ్డలు తగ్గుతాయని చూపించారు. ఇవాళ ఆపరేషన్ తర్వాత పొట్ట మీద చిన్న సూదితో ఇచ్చే ఇంజెక్షన్ వెనకున్న కథ ఇదే. ఆయన పెట్టిన థ్రాంబోసిస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి మన ఊళ్ళో కూడా శాఖ ఉంది, బొమ్మసంద్ర వైపు నారాయణ హృదయాలయ ప్రాంగణంలో. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ దిగి వెళ్ళేవాళ్ళకి దారే.

ఆ 1969 పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఆ 40 మందిలో 14 మందికి గడ్డ మూడు రోజుల్లోపే దానంతటదే కరిగిపోయింది.

ఆ పద్ధతి ఎందుకు ఆగిపోయిందంటే, ఫైబ్రినోజెన్‌ని మనుషుల రక్తం నుంచి తీసేవారు, దాంతో హెపటైటిస్ అంటుకుంటుందన్న భయం. పైగా కాలు తప్ప పైన ఎక్కడా పనికొచ్చేది కాదు.

ఇక్కడ కెమిస్టుకి అసలు పరీక్ష మొదలవుతుంది, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. మనకి ఫైబ్రిన్‌కి అంటుకునే అణువు కావాలి. కానీ రక్తమంతా ఫైబ్రినోజెన్ ఉంది, ఒకే తల్లి బిడ్డలు. ఫైబ్రినోజెన్‌కి కూడా అంటుకుందా, ఒళ్ళంతా వెలిగిపోతుంది, గడ్డ కనపడదు. అంటే కొసలు తెగాక మాత్రమే బయటపడే చోటునే పట్టుకోవాలి. దానికోసం కోట్ల కొద్దీ పెప్టైడ్లని, అంటే చిన్న ప్రోటీన్ తునకల్లాంటి వాటిని, వైరస్‌ల ఒంటి మీద పెంచి, ఫైబ్రిన్ పూసిన పళ్ళెంలో పోసి, కడిగేస్తారు. కడిగినా వదలకుండా అంటుకున్నవే మనకి కావలసినవి. చేలో నడిచొస్తే పంచెకి ఉత్తరేణి గింజలు అంటుకుంటాయి చూడండి, దులిపితే మిగతా చెత్తంతా పోయి అవి మాత్రం మిగులుతాయి, అలా.

ఆ పెప్టైడ్‌కి రేడియో లోహాన్ని తగిలించాలి. లోహం నేరుగా అంటుకోదు, దాన్ని పట్టుకునే చిన్న పంజరం లాంటి అణువు కావాలి. దాన్ని కీలేటర్ అంటాం. గ్రీకులో కీలే అంటే ఎండ్రకాయ డెక్క. మంచి పేరు పెట్టారు, ఎందుకంటే ఆ డెక్క పట్టు సడలిందా, అంతా పోయినట్టే. రాగి-64 వాడినప్పుడు పట్టు చాలని కీలేటర్ అయితే రాగి ఊడిపోయి కాలేయంలోకి చేరుతుంది. స్కాన్‌లో కాలేయం దీపావళిలా వెలుగుతుంది, గడ్డ మసకబారుతుంది. మా ల్యాబులో కొత్త మందు మొదటి ఎలుక స్కాన్ చూసేటప్పుడు ముందు చూసేది గడ్డని కాదు, కాలేయాన్ని.

బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పీటర్ కారవన్ బృందం ఇలా వరసగా పెప్టైడ్లు చేసి చూసింది. వాటిలో నిలబడింది ఎఫ్‌బీపీ8, రాగి-64తో. 2015లో ఎలుకల ఫలితాలు చెప్పారు. ఒక్క స్కాన్‌లో ఒళ్ళంతా వెతికి గడ్డ ఎక్కడుందో చూపించింది. నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం ఇంకోటి: కొత్త గడ్డలు ఎక్కువ వెలిగాయి, పాతవి తక్కువ. మా అత్తయ్యగారి ప్రశ్న అదేగా!

2022కి మనుషుల్లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఎట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బున్న వాళ్ళలో. గుండె ఎడమ పైగదికి చెవి తమ్మెలా ఒక చిన్న సంచి వేలాడుతుంది. లయ తప్పితే రక్తం అక్కడ నిలవుండి గడ్డకడుతుంది, అది జారి మెదడుకి వెళితే పక్షవాతం. ఆ సంచిలోకి చూడాలంటే ఇవాళ గొంతులోంచి గొట్టం దింపాలి. మింగినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. చేతికి ఇంజెక్షన్ ఇచ్చి, పెట్, ఎంఆర్ఐ కలిసిన యంత్రంలో పడుకోబెట్టి ఆ గడ్డని చూడగలిగారు.

ఇది ఒక దారి. రెండో దారి ప్లేట్‌లెట్లది, దీనికి కాస్త పాముల కథ చెప్పాలి.

మా ఊరి పక్క రక్తపింజరి కాట్లు ఎక్కువ. పీహెచ్‌సీకి తీసుకొస్తే అక్కడ నర్సు చేసే మొదటి పని, శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టడం. తర్వాత ఒకసారి వంచి చూస్తుంది. గడ్డకట్టి ఉంటే సరే, నీళ్ళలా పారితే విషం ఎక్కినట్టు. చిన్నప్పుడు మా నాన్నతో వెళ్ళినప్పుడు ఒకసారి చూశాను. గొట్టం వంచే ముందు అక్కడున్న పదిమందీ మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ పాము విషం గడ్డకట్టే సరుకునంతా ఒళ్ళంతా ఒకేసారి ఖర్చు చేయించేస్తుంది, అసలు అవసరమైన చోటికి మిగలదు.

ఆ పింజర జాతిలోనే ఇంకో చిన్న పాముంది, పొలుసులు రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. దాని విషంలో ఒక ప్రోటీన్ ప్లేట్‌లెట్లని ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. ప్లేట్‌లెట్ మీద చేతుల్లాంటి గ్రాహకాలుంటాయి, మామూలప్పుడు ముడుచుకుని, గాయమైతే చాచుకుని ఫైబ్రినోజెన్‌ని పట్టుకుంటాయి. ఈ ప్రోటీన్ ముందే వెళ్ళి ఆ చేతుల్లో కూర్చుంటుంది. దాన్ని చూసి గుండెపోటు మందు టైరోఫిబాన్ చేశారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అణువు పట్టుకుంటుందంటే దానికి దీపం కట్టొచ్చు కదా? అలాంటి ఆలోచనతోనే టెక్నీషియం-99ఎమ్ అనే రేడియో లోహం తగిలించిన పెప్టైడ్ ఒకటి, ఆక్యుటెక్ట్ అనే పేరుతో, అదే 1998లో కాలి గడ్డలకి అనుమతి పొందింది. అది పెట్ కాదు, పాత గామా కెమెరా. పేరులోనే కొత్త గడ్డ అన్న అర్థం ఉంది. కొన్నేళ్ళకి అది మార్కెట్లోంచి మాయమైపోయింది. నా ఉద్దేశంలో కెమిస్ట్రీ ఓడిపోలేదు, పక్క గదిలోని డాప్లర్ గెలిచింది. రేడియేషన్ లేదు, చవక, పది నిమిషాల్లో అయిపోతుంది. మా వృత్తిలో ఇది మింగుడుపడని నిజం. ఎంత అందమైన అణువు చేసినా అల్ట్రాసౌండ్ మిషన్‌తో పోటీ పడాల్సిందే.

ఇప్పుడు అదే గ్రాహకాన్ని పట్టుకునే ఫ్లోరిన్-18 మందు జీపీ1. 2019లో దక్షిణ కొరియా సియోల్‌లో 20 మంది రోగుల మీద చేసిన మొదటి ఫలితాలు వచ్చాయి. అందరిలోనూ గడ్డలు కనపడ్డాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం కొన్ని తప్పిపోయాయి. పెట్‌కి 4, 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవి పట్టుకోవడం కష్టం, పైగా ఊపిరితో అవి కదులుతూ ఉంటాయి. స్కాట్లండ్ ఎడిన్‌బరాలో దీన్నే గుండెకి అమర్చిన కృత్రిమ కవాటాల మీద వాడి చూశారు.

సియోల్ ఫలితాల్లో ఇంకోటి ఉంది. మామూలు పరీక్షల్లో కనపడని చోట్ల కూడా మందు వెలిగింది, ఎక్కువగా పిక్కల్లోని చిన్న సిరల్లో. వినగానే శభాష్ అనిపిస్తుంది. ఇప్పుడు 1969కి వెళ్ళండి. 40లో 14 గడ్డలు వాటంతటవే కరిగిపోయాయి. మరి ఇంత చిన్న గడ్డలన్నీ కనపడడం మొదలైతే, కనపడ్డవాళ్ళందరికీ మాత్రలు రాస్తారా? రాస్తే కొందరికి కడుపులోనో మెదడులోనో రక్తస్రావం అవుతుంది. గడ్డ దొరికిందని రిపోర్టు చేతికొచ్చాక, "ఏం ఫర్వాలేదు, వదిలేయండి" అని చెప్పే ధైర్యం ఏ డాక్టరుకుంటుంది? వినే ధైర్యం మనకుందా? నా మటుకు నేను ఈ మందుల్ని ఎక్కువ గడ్డలు దొరకబుచ్చుకోడానికి వాడాలనుకోను. దొరికిన గడ్డ వయసు చెప్పడానికి, పక్షవాతం ఎక్కడి గడ్డ వల్ల వచ్చిందో తేల్చడానికి వాడాలంటాను. మా వాళ్ళలో నాతో ఒప్పుకోనివాళ్ళున్నారు, వాళ్ళలో ఒకాయన ఇక్కడే సమోసా తింటూ తల అడ్డంగా ఊపుతున్నారు. (నవ్వులు)

ఇవన్నీ ఇంకా పరిశోధనలో ఉన్నవే. రేపు మీరు వెళ్ళి ఫలానా స్కాన్ చేయండి అంటే చేయరు. సమయం అయిందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడం, రాగి-64 అన్నారు, ఫ్లోరిన్ అన్నారు. ఏది మేలు?

రాగి-64 సగమవడానికి 12.7 గంటలు పడుతుంది. వేరే ఊళ్ళో చేసి విమానంలో పంపొచ్చు, సిల్క్ బోర్డు భయం లేదు. మందు ఎక్కించాక తీరిగ్గా, రక్తంలోంచి మిగిలింది పోయాక స్కాన్ తీయొచ్చు. కానీ సైక్లోట్రాన్ ఉన్న ప్రతిచోటా రోజూ దొరికేది ఫ్లోరిన్. నన్నడిగితే బొమ్మ బాగుండేది రాగితో, రోజువారీ పని నడిచేది ఫ్లోరిన్‌తో.

ప్రశ్న: రేడియేషన్ లేకుండా వయసు తెలుసుకునే దారే లేదా?

ఉంది. నేనే చెప్పాల్సింది, మా మందుల మోజులో మర్చిపోయాను. కొత్త గడ్డలో ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ మారి మెట్‌హిమోగ్లోబిన్ అవుతుంది. అది ఎంఆర్ఐలో తెల్లగా మెరుస్తుంది, ఏ ఇంజెక్షనూ అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో లైడెన్ యూనివర్సిటీ వాళ్ళ ఆధ్వర్యంలో, అచ్చం మా అత్తయ్యగారిలాగా అదే కాల్లో మళ్ళీ గడ్డ అనుమానం వచ్చిన 305 మంది మీద చేసి 2020లో అచ్చువేశారు. బాగా పనిచేసింది. కాళ్ళ వరకు అది చాలునేమో అని నాకే అనిపిస్తుంది. ఒళ్ళంతా వెతకాల్సి వచ్చినప్పుడు పెట్ కావాలి.

ప్రశ్న (ఒక పెద్దావిడ): నెలకోసారి బస్సులో కర్నూలు పోయొస్తాను తల్లీ. నేనేం చేయాలి?

కూర్చున్నంతసేపూ మడమలు ఎత్తి దించుతూ ఉండండమ్మా. పిక్క కండ బిగిసినప్పుడల్లా సిరలోని రక్తాన్ని పైకి తోస్తుంది. బస్సు ఆగినచోట దిగి నాలుగడుగులు వేయండి. బాత్రూముకి లేవాల్సొస్తుందని నీళ్ళు మానేయకండి. ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా గ్యాస్ అనుకుని పడుకోకుండా హాస్పిటల్‌కి వెళ్ళండి.

ప్రశ్న: ఇంతకీ మీ అత్తగారి గడ్డ కొత్తదని తేలిందా, పాతదనా?

తేల్చడానికి పాత డాప్లర్‌తో పోల్చాలన్నారు. ప్రోబ్‌తో నొక్కిపట్టినప్పుడు సిర వెడల్పు ముందు కంటే 4 మిల్లీమీటర్లు పెరిగినా, అప్పుడు అణిగిన చోటు ఇప్పుడు అణగకపోయినా కొత్తదనుకోవచ్చు. తీరా చూస్తే పాత రిపోర్టులో కొలతలే రాయలేదు. మాత్రలు ఆపేటప్పుడు ఇంకోసారి డాప్లర్ తీసి, కొలతలతో దాచుకోవాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. చివరికి పాత చోటుతో పాటు తొడ పైభాగంలో, మొదటిసారి బాగుందని రాసిన చోట ఇప్పుడు గడ్డ కనపడింది. దాన్నిబట్టి కొత్తదన్నారు. తక్కువ మోతాదు మాత్ర, కడుపుకి ఇంకో మాత్ర. ఇప్పుడు కొలతలున్న రిపోర్టు ఒకటి తీయించి ఫైల్లో పెట్టాం. అత్తయ్యా, ఆ ఫైలు ఎక్కడుంది?

(మూడో వరసలోంచి) బీరువాలో, పట్టుచీరల కింద.